స్పుత్నిక్కు, గోధుమలు, మన దరఖాస్తు

గత ఉగాది భోజనాల దగ్గర ఒక పెద్దాయన మమ్మల్ని పట్టుకుని, "ఇంతమంది డాక్టర్లున్నారు, ఇంతమంది ఇంజనీర్లున్నారు, ఈ వూరి యూనివర్సిటీలో ఒక్క తెలుగు క్లాసు పెట్టించలేకపోయారేమయ్యా!" అని నిలదీశారు. ప్రయత్నించి భంగపడ్డామని ఆయనకు అక్కడ చెప్పలేకపోయాము. చేతిలో పులిహోర విస్తరి పెట్టుకుని చెప్పే సంగతి కాదది. అందుకని ఇక్కడ వ్రాస్తున్నాము.

మేము అంటే సంఘం తరఫున ఈ పని నెత్తికెత్తుకున్న నలుగురం. ముగ్గురం డాక్టర్లం, ఒకరు ఇంజనీరు. అందరం ముప్ఫై దాటి నలభై చేరనివాళ్లం. భాషాశాస్త్రంలో మాకు ఓనమాలు రావు. ఇక్కడి యూనివర్సిటీ కొత్త కోర్సులు తయారు చేసుకోవటానికి ఏటా కొంత సొమ్ము విడిగా తీసిపెడుతుందని రెండేళ్ల క్రిందట తెలిసింది. బయటివాళ్లు నేరుగా అడగటానికి వీల్లేదు, లోపలి ఆచార్యులెవరైనా సంతకం చెయ్యాలి. మతాల చరిత్ర చెప్పే ఒక పెద్దమనిషి దయతలచి ఒప్పుకున్నారు. వ్రాసే పని మాది.

ఏం వ్రాశామో మీరు ఊహించగలరు. నన్నయతో మొదలుపెట్టి, కృష్ణదేవరాయల మీదుగా, త్యాగరాజు దాకా నడిపించాము. తెలుగును ఇటాలియన్‌తో పోల్చిన పాశ్చాత్యుల సంగతి చెప్పాము. 2011 జనాభా లెక్కల ప్రకారం మన దేశంలో తెలుగు మాతృభాషగా వున్నవారు 8 కోట్ల పైచిలుకని అంకె వేశాము. ఏడు పేజీలు వచ్చింది. చదువుకుంటే మాకే రోమాంచమయింది. రెండు నెలల తరువాత జవాబు వచ్చింది. భాష గొప్పతనం గురించి కమిటీకి సందేహం లేదట. ఈ కోర్సు ఈ యూనివర్సిటీకి ఎందుకు కావాలో మాత్రం దరఖాస్తులో ఎక్కడా కనపడలేదట.

మాలో ఒకరికి కోపం వచ్చింది, ఒకరికి దుఃఖం వచ్చింది. ఇంజనీరు మాత్రం, "ఇదివరకు ఈ దేశంలో తెలుగుకు డబ్బిచ్చినవాళ్లు ఎందుకిచ్చారో అది చూద్దాం ముందు" అన్నాడు. నిజమే గదా అనిపించింది. రోగి ఎదుట కూర్చున్నప్పుడు పూర్వ చరిత్ర అడగకుండా మందు వ్రాయము, దరఖాస్తుకు మాత్రం అడగలేదు. సెలవు రోజుల్లో లైబ్రరీల వెంట పడ్డాము. తెలిసిన కథ ఇది.

ఈ దేశంలో మన ఉపఖండాన్ని గురించి పద్ధతిగా చదువు చెప్పటానికి ఒక శాఖ ఏర్పడింది 1948లో, పెన్సిల్వేనియా యూనివర్సిటీలో. సంస్కృత పండితుడు నార్మన్ బ్రౌన్ దాని వెనుక వున్న మనిషి. భద్రిరాజు కృష్ణమూర్తిగారు తెలుగు ధాతువుల మీద పరిశోధన చేసి 1957లో డాక్టరేటు పుచ్చుకున్నది అక్కడే. ఆ గ్రంథాన్ని 1961లో కాలిఫోర్నియా యూనివర్సిటీ అచ్చువేసింది. అయితే ఒక పండితుడు పరిశోధన చెయ్యటం వేరు, ఏటేటా క్లాసు నడవటం వేరు. క్లాసుకు జీతం కావాలి, పాఠ్యపుస్తకం కావాలి, చదివే పిల్లలకు వేతనం కావాలి.

ఆ డబ్బు ఆకాశం నుంచి వచ్చిందంటే అతిశయోక్తి కాదు. 1957 అక్టోబరు 4న రష్యావారు స్పుత్నిక్ ఎగరవేశారు. అమెరికాకు నిద్రపట్టలేదు. మన పిల్లలు లెక్కల్లో వెనకబడ్డారు, సైన్సులో వెనకబడ్డారు, పరాయి భాషలు బొత్తిగా రావు అని గోల పుట్టింది. మరుసటి యేడు సెప్టెంబరు 2న ఐసెన్‌హోవర్ జాతీయ రక్షణ విద్యా చట్టం మీద సంతకం పెట్టాడు. పేరులోనే రక్షణ వుంది చూడండి. విద్య కోసం విద్య అంటే ఆ సభలో ఓట్లు రాలేవి కావు.

ఆ చట్టంలో ఆరవ భాగం భాషలది. యూనివర్సిటీలు భాషా కేంద్రాలు పెట్టుకోవచ్చు, ఖర్చులో సగం వరకు ప్రభుత్వం భరిస్తుంది, మిగిలింది యూనివర్సిటీ పెట్టుకోవాలి. ఇక్కడ మేము ఆగి రెండుసార్లు చదివిన వాక్యం ఒకటుంది. ఏ భాషకు డబ్బివ్వాలన్నా రెండు విషయాలు తేలాలి: ఆ భాష వచ్చినవాళ్ల అవసరం ఈ దేశపు ప్రభుత్వానికో, వ్యాపారానికో, పరిశ్రమకో, విద్యకో వుండాలి. ఆ చదువు ఈ దేశంలో సరిపోయినంతగా దొరకకుండా వుండాలి. అంతే. ప్రాచీనత గురించి లేదు. మాధుర్యం గురించి లేదు. మా ఏడు పేజీల్లో ఆ రెండు ప్రశ్నలకూ జవాబు లేదు.

మొదట ముఖ్యమని ఎంచిన భాషలు ఆరు: అరబ్బీ, చైనీసు, జపనీసు, పోర్చుగీసు, రష్యన్, హిందీ-ఉర్దూ. తెలుగు లేదు. దక్షిణాది భాష ఒక్కటీ లేదు. మరి మనం ఎట్లా ప్రవేశించాము? దక్షిణాసియా కేంద్రమని పేరు పెట్టుకున్న యూనివర్సిటీలు హిందీ ఒక్కటే చెప్పి వూరుకోలేదు. ఉపఖండమంటే హిందీ ఒక్కటే కాదని వాదించిన ఆచార్యులు అక్కడ వున్నారు. అట్లా తమిళం, తెలుగు వంటివి పెద్ద భాష నీడన లోపలికి వచ్చాయి. పెన్సిల్వేనియాలో పనిచేసిన లీ లిస్కర్ అనే ధ్వనిశాస్త్రజ్ఞుడి తెలుగు వాచకం 1963లో వెలువడింది. అందులోది మాట్లాడే తెలుగు, గ్రాంథికం కాదు. అమెరికా పిల్లవాడు ఎదుటి మనిషితో మాట్లాడాలన్నదే దాని పట్టుదల. మన దగ్గర అప్పటికింకా వ్యావహారికం పేరిట తగవులు తీరనే లేదు!

ఇక గోధుమల సంగతి. 1954లో వచ్చిన పి.ఎల్. 480 చట్టం క్రింద అమెరికా తన మిగులు ధాన్యాన్ని మన దేశానికి అమ్మి, డాలర్లకు బదులు రూపాయలు పుచ్చుకుంది. మా అమ్మానాన్నల తరం బడిలో తిన్న ఎర్ర గోధుమరవ్వ ఉప్మా, పాలపొడి పాలు ఆ చట్టపు సంతానమే. ఆ రూపాయలు మన దేశంలోనే ఖర్చు కావాలి. గుట్టలుగా పేరుకుపోయాయి. 1974లో రాయబారి మొయినిహన్ అందులో 1,664 కోట్ల రూపాయలకు ఒకే చెక్కు వ్రాసి మన ప్రభుత్వానికి తిరిగి ఇచ్చేశాడంటే ఎంత పేరుకుందో చూసుకోండి. ఆ చట్టానికి 1958లో చేసిన ఒక సవరణ, ఆ రూపాయల్లో కొంత పెట్టి పుస్తకాలు కొనటానికి లైబ్రరీ ఆఫ్ కాంగ్రెసుకు వీలు కల్పించింది. 1962లో ఢిల్లీలో వాళ్ల ఆఫీసు తెరుచుకుంది. అక్కడి నుంచి తెలుగు నవలలు, కవితా సంపుటాలు, పత్రికలు ఓడల్లో అమెరికా లైబ్రరీలకు చేరాయి. విజయవాడలో అచ్చయి, బెజవాడ లైబ్రరీలోనే దొరకని పుస్తకం ఇక్కడ మంచు కురిసే వూళ్లో దొరకటం అందువల్లనే.

అటువంటి ఒక లైబ్రరీలో ఏడో అంతస్తులో ఆ అరలు చూశాము. అరవైల నాటి నవల ఒకటి తీశాము. అట్ట గట్టిగా వుంది, కాగితం కొసలు పొడిపొడిగా రాలుతోంది. వెనుక తారీఖులు వేసే చీటీ ఖాళీ. ఎన్నేళ్లుగానో ఎవరూ తీసుకుపోలేదు. పుస్తకాలు గోధుమల మీద వచ్చాయి, పాఠకులు అట్లా రారు గదా!

పాఠకులు తయారైన చోటు ఒకటుంది, విస్కాన్సిన్ రాష్ట్రంలో మాడిసన్. వెల్చేరు నారాయణరావుగారు 1971లో అక్కడికి వచ్చి మూడు దశాబ్దాలకు పైగా పాఠం చెప్పారు. ఎంతమంది చేరారన్న లెక్క కంటె వాళ్లేం చేశారన్నది మాకు ముఖ్యమనిపించింది. జీన్ రోఘేర్ అనే అమెరికన్ అక్కడ చదువుకుని పల్నాడు వెళ్లాడు. అలిసెట్టి గాలెయ్య పాడిన పల్నాటి వీరుల కథను విని, వ్రాసుకుని, ఇంగ్లీషు చేశాడు. 1982లో పుస్తకమయింది. గుంటూరు జిల్లాలో పుట్టిన మాలో ఒకరు ఆ కథను మొదటిసారి పూర్తిగా చదివింది ఆ ఇంగ్లీషులోనే. ఇది చెప్పుకోవటానికి సిగ్గుగా వుంది, దాచుకోవటానికి వీలులేదు. 1990లో వీరిద్దరూ కలిసి పాల్కురికి సోమనాథుని బసవపురాణాన్ని కూడా ఇంగ్లీషులోకి తెచ్చారు. రష్యావాడి గోళం చూసి భయపడి మొదలైన ఏర్పాటు సోమనాథుడి దాకా వచ్చింది!

తరువాతి కథ త్వరగా చెబుతాము. 1980లో ఆరవ భాగం ఉన్నత విద్యా చట్టంలోకి మారింది, రక్షణ అన్న మాట పోయింది. 2011లో ఆ పద్దుకు ఒక్కసారిగా 40 శాతం దాకా కోతపడింది. చిన్న భాషలకే ముందు దెబ్బ తగులుతుందని వేరే చెప్పక్కరలేదు. తమిళులు ఇంకో దారి పట్టారు. 2015లో ఇద్దరు తమిళ డాక్టర్లు చెరి అయిదు లక్షల డాలర్లు వేసి హార్వర్డులో తమిళ పీఠానికి కదిలించారు. 60 లక్షల డాలర్లు కావాలి. వేలమంది తలా కాస్త వేశారు, తమిళనాడు ప్రభుత్వం 10 కోట్ల రూపాయలిచ్చింది, 2018కి మొత్తం చేరింది. డాక్టర్లు అన్న మాట దగ్గర మేము ముగ్గురం ఒకరి మొహం ఒకరు చూసుకున్నాము. మన తెలుగువాళ్లలోనూ యూనివర్సిటీలకు విరాళాలిచ్చిన కుటుంబాలున్నాయి, లేకపోలేదు. మా సంఘం బాంకు ఖాతాలో దీపావళి హాలు అద్దె పోగా మిగిలేదేమిటో కోశాధికారిని అడగండి.

కనుక రెండోసారి దరఖాస్తు వ్రాయటానికి కూర్చున్నాము. అవసరం ఏమిటి? ఈసారి గ్రంథాలు తీయలేదు, మాలో ఒకరి ఆసుపత్రి అనుభవమే వ్రాశాము. కొడుకు దగ్గరకు వచ్చిన మామ్మగారిని రాత్రివేళ ఎమర్జెన్సీకి తీసుకువచ్చారు. "గుండె దడగా వుందిరా" అన్నదావిడ. పక్కనున్న మనవడు ఇక్కడే పుట్టి పెరిగినవాడు. మామ్మ భయపడుతోందని ఇంగ్లీషులో చెప్పాడు. డ్యూటీ డాక్టరు తెలుగు ఎరుగడు, ధైర్యం చెప్పి కూర్చోబెట్టాడు. గంట తరువాత మాలో ఆయన వచ్చి నాడి పట్టుకునేదాకా గుండె లయ తప్పిందని ఎవరికీ తెలియలేదు. ఆవిడ బతికింది. పిల్లవాడి తప్పేమీ లేదు, దడ అంటే భయం కూడా కదా. టెలిఫోను దుబాసీ వుంటాడు నిజమే, తెలుగు మనిషి దొరికేసరికి అరగంట పడుతుంది. దొరికినా, "వేడి చేసింది", "నరాలు పీకుతున్నాయి", "కడుపులో దేవుతోంది" అన్నవి అతడేమని చెబుతాడో అదృష్టం మీద ఆధారపడి వుంటుంది.

రెండో ప్రశ్నకు జవాబు తేలిక. కారులో నాలుగు గంటల దూరం లోపల తెలుగు చెప్పే యూనివర్సిటీ లేదు.

నన్నయను తీసి దడను పెట్టటం మాకు చిన్నతనంగానే తోచింది. మతాల చరిత్ర ఆచార్యులు మాత్రం చదివి, ఇది దరఖాస్తులాగా వుందన్నారు. రెండో యేడు పాఠంలోకి ఆదికవిని తెచ్చుకోవచ్చని, ముందు మొదటి యేడు రావాలని అన్నారు.

మిగిలింది ఒక్కటే గడి. కోర్సులో ఎంతమంది చేరతారు? పదిహేనుకు తగ్గితే కమిటీ చూడదట. యూనివర్సిటీలో చదువుతున్న మన పిల్లల ఇళ్లకు ఒక్కొక్కరికే ఫోన్లు చేశాము. "మంచి పని చేస్తున్నారు డాక్టరుగారూ, మావాడికి ఈ సెమిస్టరు ఆర్గానిక్ కెమిస్ట్రీ వుంది, వచ్చే యేడు చూద్దాం" అన్నారొక బాబాయిగారు. "స్పానిష్ అయితే రేపు పేషెంట్లకు పనికొస్తుంది గదండీ" అన్నదొక అక్కయ్యగారు. ఆవిడను తప్పుపట్టలేము, మాలో ఒకరు రెసిడెన్సీలో నేర్చుకున్నదీ స్పానిషే. మా పిల్లలింకా రెండో క్లాసు, మూడో క్లాసు. ఇంత ధైర్యంగా ఇతరుల పిల్లలను అడగగలగటం అందుకేనేమో. ఉగాదినాడు నిలదీసిన పెద్దాయనకూ చేశాము. మనవరాలితో మాట్లాడి చెబుతానన్నారు. ఇంకా చెప్పలేదు.

ఇంతవరకు వచ్చినవి తొమ్మిది పేర్లు. అందులో ఇద్దరు తెలుగువాళ్లు కారు. ఒకతను గోలకొండ చరిత్ర చదువుతున్న అమెరికన్ కుర్రాడు. రెండో ఆమె ఆ రాత్రి మామ్మగారి పక్కన వున్న నర్సు.

దరఖాస్తుకు ఇంకా మూడు వారాల గడువుంది. ఆ గడిలో ప్రస్తుతానికి పెన్సిలుతో 9 అని వేసి వుంచాము.