గణితం చదవడానికి ఏ విశ్వవిద్యాలయం? ఉస్మానియా వందేళ్ల సాక్ష్యం

హైదరాబాదులో గణితాన్నో కంప్యూటర్ సైన్సునో డిగ్రీ స్థాయిలో చదవదలచిన విద్యార్థి ఎక్కడ చేరాలన్న ప్రశ్నకు గడిచిన నూరేళ్లలో మూడు కాలాలు మూడు వేర్వేరు జవాబులు చెప్పాయి. మొదట బోధనా భాష, తరువాత స్థానికత, ఆపైన ప్రవేశ పరీక్ష ర్యాంకు ఆ ఎంపికను శాసించాయి. తార్నాకను ఆనుకుని ఉన్న ఉస్మానియా ప్రాంగణం చరిత్రలో ఈ మూడు దశలూ కనిపిస్తాయి. పాఠం ఎవరు చెబుతారు, ఎంత లోతుగా చెబుతారు అన్న అసలు ప్రశ్న వెనక్కి జరిగిన తీరు కూడా అందులోనే తెలుస్తుంది.

ఉస్మానియా ఏర్పడకముందు నిజాం రాజ్యంలో ఉన్నత విద్య మద్రాసు వైపు చూసేది. 1887లో వెలసిన నిజాం కళాశాల మద్రాసు విశ్వవిద్యాలయానికి అనుబంధంగా ఉండేది కనుక, విద్యార్థి హైదరాబాదులో పాఠం విన్నా పాఠ్య ప్రణాళిక, పరీక్ష, పట్టా మద్రాసువే. ఈ పరాధీనతను తొలగించి దేశభాషలో ఉన్నత విద్య నెలకొల్పాలని నిజాం ప్రభుత్వ అధికారి అక్బర్ హైదరీ సమర్పించిన విజ్ఞాపనను ఆమోదిస్తూ నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ 1917 ఏప్రిల్ 26న ఫర్మానా, అంటే రాజశాసనం, వెలువరించారు. ఇంగ్లీషును తప్పనిసరి పాఠ్యాంశంగా ఉంచి, మిగిలిన శాస్త్రాలన్నిటినీ ఉర్దూలో బోధించే విశ్వవిద్యాలయం 1918లో ఏర్పడింది; మరుసటి ఏడాది గన్‌ఫౌండ్రీ ప్రాంతంలోని అద్దె భవనాలలో తరగతులు మొదలయ్యాయి. అడిక్‌మెట్ వద్ద శాశ్వత ప్రాంగణం రూపుదిద్దుకోవడానికి చాలా ఏళ్లు పట్టింది, ఆర్ట్స్ కళాశాల భవనం 1939 డిసెంబరులో ప్రారంభమైంది.

గణితాన్ని ఉర్దూలో చెప్పాలంటే ముందు పుస్తకాలు కావాలి. ఆ పని దారుల్ తర్జుమా అనే అనువాద సంస్థకు అప్పగించారు. త్రిభుజానికి ముసల్లస్, కోణానికి జావియా, బీజగణితానికి జబ్ర్-ఓ-ముఖాబలా వంటి అరబ్బీ మూలాలున్న పదాలు అప్పటికే వాడుకలో ఉండగా, పాశ్చాత్య గణితంలోని కొత్త భావనలకు పండితులు, శాస్త్రజ్ఞులు కలిసి పదాలు సమకూర్చారు. ఇంట్లో తెలుగు మాట్లాడే విద్యార్థికి మాత్రం ఇది మరో పరాయి భాషే; రాజ్యంలో అధిక సంఖ్యాకుల మాతృభాషలకు ఈ అవకాశం దక్కలేదన్న విమర్శ న్యాయమైనది. ఇంగ్లీషు కావాలనుకున్నవారికి నిజాం కళాశాల ఉండేది, అది 1947 వరకు మద్రాసు ఛత్రం కిందనే కొనసాగింది. అయితే ఉర్దూలో చదివితే ప్రపంచ స్థాయి గణితం అందదన్న శంకకు రజీయుద్దీన్ సిద్దీఖీ జీవితమే సమాధానం. ఉస్మానియాలో చదివిన ఆయన కేంబ్రిడ్జికి, ఆ తరువాత జర్మనీలోని లైప్‌జిగ్‌కు వెళ్లి పరిశోధన చేసి, తిరిగి వచ్చి చదువుకున్న చోటనే గణితాచార్యుడయ్యారు.

ఎంపిక ఎప్పుడూ విద్యార్థి చేతిలోనే ఉండేదని కూడా చెప్పలేము. 1938లో ఉస్మానియా వసతి గృహాలలో వందేమాతరం పాడినందుకు బహిష్కరణకు గురైన విద్యార్థులలో అనేకులను నాగపూర్ విశ్వవిద్యాలయం చేర్చుకుంది. ఆ తరంలో కొందరి చదువు ఏ ఊళ్లో సాగాలో నిర్ణయించింది రాజకీయమే.

1948లో నిజాం రాజ్యం భారతదేశంలో కలిసిన తరువాత ఉర్దూ స్థానంలోకి ఇంగ్లీషు వచ్చింది, భాష అన్న గీటురాయి క్రమంగా తొలగిపోయింది. దాని స్థానాన్ని స్థానికత ఆక్రమించింది. ప్రాంతీయ ఉద్యమాలకు పరిష్కారంగా వచ్చిన ఆరు సూత్రాల పథకం తరువాత 1974లో వెలువడిన రాష్ట్రపతి ఉత్తర్వులు అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ రాష్ట్రాన్ని ఉస్మానియా, ఆంధ్ర, శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయాల పేరిట మూడు స్థానిక ప్రాంతాలుగా విభజించి, 85 శాతం సీట్లను ఆయా ప్రాంతాల విద్యార్థులకు కేటాయించాయి. అలా ఓయూ అన్న మాట ఒక విద్యాసంస్థ పేరుగానే కాక, ప్రవేశ దరఖాస్తులో నింపే ప్రాంతం పేరుగానూ మారింది. అదే పథకంలో భాగంగా ఆ ఏడాదే ఏర్పడిన హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయం ఈ హద్దులకు వెలుపల నిలిచింది.

ఈ కాలంలోనే మరొక మార్పు సద్దు లేకుండా స్థిరపడింది. అనుబంధ కళాశాలల సంఖ్య పెరిగేకొద్దీ విశ్వవిద్యాలయం బి.ఎస్సీ. విద్యార్థికి ప్రధానంగా పరీక్ష పెట్టి పట్టా ఇచ్చే సంస్థగా మిగిలింది. గణితంలో పరిశోధన చేసే ఆచార్యులు ప్రాంగణంలో ఎం.ఎస్సీ. వారికి బోధిస్తుంటే, డిగ్రీ గణితం నిజాం కళాశాలలోనూ, సైఫాబాద్‌లోనూ, కోఠి మహిళా కళాశాలలోనూ, ఊరూరా వెలసిన ప్రైవేటు కళాశాలలలోనూ సాగింది. ఇంజనీరింగ్ పరిస్థితి వేరు: 1929లో మొదలైన ఇంజనీరింగ్ కళాశాల ప్రాంగణంలోనే ఉండడం వల్ల కంప్యూటర్ సైన్స్ ఇంజనీరింగ్ విద్యార్థికి ఇంటర్ అయిన వెంటనే ఆ గడప తొక్కే వీలు కలిగింది.

మూడో దశలో ర్యాంకుదే రాజ్యం. 1967లో హైదరాబాదులో ఏర్పడిన ఈసీఐఎల్ ఇక్కడ కంప్యూటర్ల తయారీకి బాట వేసింది. ఇంజనీరింగ్ ప్రవేశ పరీక్ష ఎంసెట్ ఇంటర్ ఎం.పి.సి. విద్యార్థుల భవిష్యత్తును ఒకే అంకెలో కుదించింది. 1998లో గచ్చిబౌలిలో ట్రిపుల్ ఐటీ, 2008లో హైదరాబాద్ ఐఐటీ వచ్చాక కంప్యూటర్ సైన్స్ సీటు ప్రవేశ పరీక్ష ర్యాంకుకు దక్కే అత్యున్నత ప్రతిఫలంగా స్థిరపడింది. లెక్కలలో ఆరితేరిన విద్యార్థి గణితాన్ని వదిలి వెళ్లడమే విజయంగా లెక్కకు వచ్చింది. గణితాన్నే వరించిన కొద్దిమంది చెన్నై మ్యాథమెటికల్ ఇన్‌స్టిట్యూట్‌కో బెంగళూరులోని ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌కో తరలిపోయారు. ఆ రెండు చోట్లా పరిశోధకులే మొదటి ఏడాది నుంచి డిగ్రీ విద్యార్థికి ఉపపత్తి, అంటే ఒక ఫలితాన్ని తర్కబద్ధంగా రుజువు చేసే పద్ధతి, నేర్పుతారు.

తార్నాక నుంచి హబ్సిగూడ మీదుగా ఉప్పల్ వైపు సాగే దారిలో రసాయన సాంకేతిక పరిశోధన సంస్థ ఐఐసీటీ, కణజీవశాస్త్ర సంస్థ సీసీఎంబీ, భూభౌతిక పరిశోధన సంస్థ ఎన్‌జీఆర్‌ఐ వరుసగా ఉన్నాయి. భూకంప తరంగాల విశ్లేషణకైనా జన్యు సమాచార అధ్యయనానికైనా గణితం, కంప్యూటింగ్ రెండూ కావలసిన సంస్థలివి. ఇన్ని పరిశోధనాలయాల మధ్య ఉన్న విశ్వవిద్యాలయంలో గణిత పరిశోధకునికీ డిగ్రీ విద్యార్థికీ మధ్య దూరం ఏర్పడడం తెలుగువారి ఉన్నత విద్యకు జరిగిన పెద్ద నష్టం. భాష, ప్రాంతం, ర్యాంకు అనేవి ప్రభుత్వాలు నిలబెట్టిన ద్వారాలు. వాటిని దాటిన తరువాత దొరికే చదువు గురువును బట్టి, గ్రంథాలయాన్ని బట్టి, తోటివారితో సాగే చర్చను బట్టి ఉంటుంది. విద్యార్థి సీటు ఎంచుకునే ముందు వీటిని విచారించుకోవాలి. విశ్వవిద్యాలయాలు డిగ్రీ గణితాన్ని తిరిగి తమ ప్రాంగణాలలోకి, తమ ఉత్తమ ఆచార్యుల తరగతులలోకి తీసుకురావాలి.