టెర్రకోటలో ‘కోట’ ఏమిటి?

టెర్రకోట ఇటాలియన్ మాట. ఆ భాషలో పలుకుబడి ‘తెర్రాకొత్తా’. తెర్రా అంటే మట్టి, కొత్తా అంటే కాల్చినది లేదా వండినది. తెలుగు ‘కోట’తోగానీ, ‘కొత్త’తోగానీ దీనికి చుట్టరికం లేదు. వండు అనే అర్థమున్న ‘కువోచెరె’ క్రియకు భూతకాల ధాతుజ విశేషణం ‘కొత్తో’. దాని మూలం లాటిన్ ‘కోక్తుస్’.

కాల్చిన మట్టి, కాల్చిన ఇటుకలు అన్నప్పుడు తెలుగులో ‘కాల్చిన’ మారదు. ఇటాలియన్‌లో నామవాచకపు లింగవచనాలను బట్టి చివరి అచ్చు మారుతుంది. తెర్రా స్త్రీలింగం కనుక కొత్తా; పంది తొడమాంసం ‘ప్రొషూత్తో’ పుంలింగం కనుక కొత్తో. బహువచనంలో కొత్తె, కొత్తి. చీజ్ తీయగా మిగిలిన తేటను మళ్లీ కాచి చేసేది రికొత్తా. రెండుసార్లు కాల్చినది బిస్కొత్తో. మన బిస్కెట్ కూడా ఫ్రెంచి దారిన వచ్చిన దాని దాయాదే.

అసలు చిక్కు ఈ విశేషణం సహాయక క్రియలతో కలిసినప్పుడు. ‘ఎస్సెరె’ (ఉండు) ఉంటే విశేషణం కర్తను అనుసరిస్తుంది. ‘అవేరె’ (కలిగి ఉండు) ఉంటే వండింది మరియా అయినా ‘కొత్తో’యే: ‘మరియా ఆ కొత్తో లా పాస్తా’ (మరియా పాస్తా వండింది). పాస్తాకు బదులు ‘లా’ అనే సర్వనామం క్రియకు ముందొస్తే మాత్రం తిరిగి కొత్తా. ఇదే కొత్తా నామవాచకంగా వాడితే, వాడుకభాషలో, ఒకరిపై కలిగే పిచ్చి వ్యామోహం.