సుబోతివ్: ఒక పొలం తగాదా, ఒక సమాధి

ఉక్రెయిన్ ఐదు హ్రివ్నియాల నోటు మీద ఒకవైపు కొజాక్కుల నాయకుడు బొహ్దాన్ ఖ్మెల్నిత్స్కీ ముఖం ఉంటుంది. తిప్పి చూస్తే ఒక చర్చి కనిపిస్తుంది. అది చెర్కాసీ ప్రాంతంలో, చిహిరిన్ పట్టణానికి దగ్గరున్న సుబోతివ్ అనే చిన్న పల్లెలోది.

ఈ నేల మీద సుమారు మూడు వేల ఏళ్ల కిందటి మట్టికోట ఆనవాళ్లున్నాయి. మనకు తెలిసిన ఊరి కథ మాత్రం 17వ శతాబ్ది తొలినాళ్లలో మొదలవుతుంది. అప్పుడు ఈ ప్రాంతం పోలెండ్ రాజ్యపు సరిహద్దు. అవతలంతా గడ్డిమైదానం, ఏ క్షణాన తాతార్ల గుర్రాలు వచ్చిపడతాయో తెలియదు. అలాంటి చోట కొలువు చేసినందుకు బొహ్దాన్ తండ్రి మిఖైలోకు చిహిరిన్ పాలకుడు ఈ భూమి ఇచ్చాడు. 1620లో త్సెత్సోరా యుద్ధంలో తండ్రి చనిపోయాడు, కొడుకు తుర్కుల చేతికి చిక్కాడు. రెండేళ్ల తర్వాత విడుదలై వచ్చి, ఆ పొలాన్నే నమ్ముకుని బతికాడు.

దున్నినంత కాలం అడగనివాళ్లు, పంట కళకళలాడేసరికి హక్కు అడిగారు. పాలకుడు మారాడు, పాత దానం గట్టిది కాదన్నారు. 1646లో రాజు నుంచి హక్కుపత్రం తెచ్చుకున్నా బొహ్దాన్‌కు అది అక్కరకు రాలేదు. మరుసటి ఏడాది చిహిరిన్ ఉపపాలకుడు చాప్లిన్‌స్కీ మనుషులతో వచ్చి ఊరిని ఆక్రమించాడు. బొహ్దాన్ తిరగని గడప లేదు. రాజు కూడా చేతులెత్తేశాడు. 1647 చివర్లో అతను జపోరోజియా కొజాక్కుల దగ్గరికి పారిపోయాడు. 1648లో వాళ్లు అతన్ని హెత్మాన్‌గా, అంటే తమ అధిపతిగా, ఎన్నుకున్నారు. అతను పోలెండ్ మీద తిరగబడ్డాడు.

ఈ ఒక్క తగాదా వల్లే ఆ యుద్ధం వచ్చిందనడం తప్పు. వెట్టితో నలిగిన రైతులు, మతం మీద ఒత్తిడి, 1638లో కొజాక్కుల హక్కులు కోసేసిన శాసనం - ఎండుగడ్డి అప్పటికే పోగై ఉంది. సుబోతివ్‌లో పడింది నిప్పురవ్వ. ఆ మంటల్లో ఏ పాపమూ ఎరుగని వేలాదిమంది యూదులు ఊచకోతకు గురయ్యారు. బొహ్దాన్ విజయాలు చెప్పేవాళ్లు ఈ మాట దాటేయకూడదని నా అభిప్రాయం.

చిహిరిన్ కొజాక్కుల రాజధాని అయ్యింది. 1653లో సుబోతివ్‌లో కోటలాంటి మందపు గోడలతో ఇలీన్‌స్కా చర్చి లేచింది. ఆ ఏడే యుద్ధంలో మరణించిన కొడుకు తిమిష్‌ను అక్కడ పాతిపెట్టారు. 1657లో బొహ్దాన్ కూడా అక్కడికే చేరాడు. 1664లో పోలెండ్ సేనాని చార్నియెత్స్కీ ఊరు పట్టుకుని, తండ్రీకొడుకుల ఎముకలను బయట పారవేయించాడని కొజాక్కు చరిత్రకారులు రాశారు. 1678లో తుర్కుల చేతిలో చిహిరిన్ నేలమట్టమైంది. 1793లో ఈ ప్రాంతం రష్యా సామ్రాజ్యంలో కలిసింది.

1845లో కవి, చిత్రకారుడు తరాస్ షెవ్‌చెంకో ఇక్కడికి వచ్చి, చర్చినీ బొహ్దాన్ ఇంటి శిథిలాలనూ నీటిరంగుల్లో గీశాడు. ఆ ఏడే, మాస్కోతో పొత్తు పెట్టుకున్న బొహ్దాన్‌ను ఇదే ఊరిని వేదికగా చేసుకుని కవిత్వంలో నిలదీశాడు. 1847లో అరెస్టు చేసినప్పుడు ఆ రాతప్రతులను పోలీసులు పట్టుకుపోయారు. నాకు మాత్రం సుబోతివ్‌ను ప్రపంచానికి చూపించింది బొహ్దాన్ కంటే షెవ్‌చెంకోయే అనిపిస్తుంది.

సోవియట్ కాలంలో క్రెమెన్‌చుక్ జలాశయం త్యాస్మిన్ నది లోయ దిగువను ముంచేసింది. చిహిరిన్ సమీపాన మొదలుపెట్టిన అణువిద్యుత్ కేంద్రాన్ని, చెర్నోబిల్ ప్రమాదం తర్వాత ప్రజలు వ్యతిరేకించడంతో 1989లో ఆపేశారు. చర్చి నిలిచే ఉంది. లోపల బొహ్దాన్ పేరిట ఒక స్మారకం ఉంది. ఎన్నోసార్లు తవ్వి వెతికినా, అతని ఎముకలు ఇంతవరకు దొరకలేదు.