పౌను గింజల కూలి

తిరుపతి, చంద్రగిరి అప్పట్లో ఉత్తర ఆర్కాటు జిల్లాలో ఉండేవి. కలెక్టరు కచేరీ చిత్తూరులో. 1876లో వానలు మొహం చాటేశాయి. చెరువులు నెర్రెలిచ్చాయి. చెరువు నీటిని నమ్ముకున్న సీమలో ఆ ఏడు గింజా లేదు, పశువుకు గడ్డీ లేదు. తెలుగు లెక్కలో ఆ సంవత్సరం ధాత. జనం నోట అది ధాత కరువైంది.

1877 జనవరి 1న వైస్రాయి లిట్టన్ ఢిల్లీలో విక్టోరియాను చక్రవర్తినిగా చాటుతూ దర్బారు చేశాడు. ఆ నెలలోనే కరువు ఖర్చుకు కళ్లెం వేయమని సర్ రిచర్డ్ టెంపుల్‌ను మద్రాసుకు పంపాడు.

ఈ టెంపులే 1873-74లో బీహార్ కరువుకు బర్మా బియ్యం తెప్పించి ప్రాణాలు నిలబెట్టాడు. మెప్పు రాకపోగా, డబ్బు తగలేశాడని తిట్లు పడ్డాయి. మద్రాసులో ఆ తిట్లు మళ్లీ పడదలచుకోలేదు. కరువు పనుల్లో మట్టి మోసే, కంకర కొట్టే మగవాడికి రోజుకు ఒక పౌను గింజల ధర, పైన అణా అని తేల్చాడు. పౌనంటే 450 గ్రాములు. ఆ అణాలోనే ఉప్పూ మిరపకాయా, కట్టెలూ. సంగటి ముద్ద తిని మడక దున్నే మనిషిని దగ్గర్నుంచి చూసినవాడెవడూ ఇలాంటి లెక్క వేయడు.

మద్రాసు శానిటరీ కమిషనర్ డాక్టర్ కార్నిష్ ఒప్పుకోలేదు. పౌనున్నరైనా ఉండాలి, పప్పూ కూరా కావాలి, ఈ కూలితో పని చేయిస్తే మనుషులు కరిగిపోతారని రాశాడు. జైల్లో కఠినశిక్ష పడ్డ ఖైదీకే ఇంతకన్నా మెరుగ్గా పెట్టేవారు మరి! ఇద్దరు దొరల వాదం పత్రికలకెక్కింది. కొన్ని నెలలకు గానీ కూలి పెరగలేదు. ఆకలికి అన్ని నెలలు ఆగే ఓపిక ఎక్కడిది?

దక్షిణాదిలో బ్రిటిష్ ఏలుబడిలోనే 50 లక్షలకు పైగా చనిపోయారంటారు. 1871లో ఇరవై లక్షలున్న ఉత్తర ఆర్కాటు జనాభా 1881కి పద్దెనిమిది లక్షల చిల్లరకు దిగింది. కొందరు కూలికి ఒప్పుకుని మద్రాసు రేవులో దక్షిణాఫ్రికాలోని నేటాల్‌కు పోయే ఓడలెక్కారు. ఓడ జాబితాల్లో పేరు, తండ్రి పేరు, కులం, జిల్లా, ఊరు, ఒంటిమీది మచ్చతో సహా ఉంటాయి. ఇంటి దగ్గర చచ్చినవాళ్లకు ఆపాటి రాతకోత కూడా చాలాచోట్ల లేదు.

1880 కరువు కమిషన్ తరవాత నియమావళి వచ్చింది. అందులో సాయం సర్కారు బాధ్యత, జనం హక్కు కాదు. ఆకలి మీద కోర్టుకెక్కే దారి చాలా ఆలస్యంగా పడింది. రాజస్థాన్ కరువు మీద పౌరహక్కుల సంఘం 2001లో వేసిన కేసులో, బడిపిల్లలకు వండిన అన్నమే పెట్టాలని సుప్రీంకోర్టు ఆ నవంబరులో ఆదేశించింది.