నానమ్మ పెట్టెలో రెండు రూపాయలు

మా నానమ్మ తమలపాకుల పెట్టెలో రెండు పాత రూపాయలు ఉండేవి. ఒకటి నిజాం హాలీ సిక్కా. దాని మీద చార్మినార్, నడిమి కమాను లోపల ఉస్మాన్ అలీఖాన్ పేరులోని తొలి అక్షరం ‘ఐన్’. గోటితో తడిమితే ఇప్పటికీ తగులుతుంది. ఊరి గుర్తు, ఏలిక పేరు ఒకే గుమ్మంలో!

రెండోది 1950 నాటిది. బ్రిటిష్ ఇండియా నాణేల మీది జార్జి రాజు తల పోయి, ఆ చోట అశోకుడి సింహాలు వచ్చాయి. వెనక గోధుమ కంకులు. అప్పటి అణా, బేడల వెనక ఎద్దు, పైసా వెనక గుర్రం. 1957 ఏప్రిల్ 1న నయా పైసలొచ్చి అణాల లెక్కే మారిపోయింది.

నాకు మాత్రం ఆ ఎద్దు బొమ్మే ఇష్టం. రాజు తల పోయిన నాణెం మీద సేద్యగాడు తన ఎద్దును చూసుకున్నాడు. మీ ఇంట్లో ఇలాంటి నాణేలుంటే కరిగించకండి, పిల్లల చేతిలో పెట్టి చూపించండి.