చెక్కుబందిలో పొరుగువాడు

ఖాదర్ మొహియుద్దీన్ 'పుట్టుమచ్చ' 1991లో వచ్చింది. బాబ్రీ మసీదు కూల్చివేతకు ముందే వచ్చిన దీర్ఘకవిత అది. దాన్ని ముస్లింల దేశభక్తికి రుజువుగా చదివి మెచ్చుకునే అలవాటు ఒకటుంది. మేం దాన్ని ఇరుగుపొరుగు కవితగా చదువుతాం. ఎక్కడో రెండు దేశాల మధ్య గీసిన గీతను తెచ్చి మా వీధిలో, మా గుమ్మం ముందు పరిచారన్నదే ఆ కవిత ఫిర్యాదు. మనిషి పుట్టకముందే జరిగిపోయిన చరిత్రను అతని ఒంటిమీది మచ్చగా చూపిస్తారు. క్రికెట్ స్కోరు దగ్గర కూడా అతన్నే పరీక్షకు నిలబెడతారు. పక్కింటివాడికి ఆ పరీక్ష లేదు.

గీతల సంగతి పశ్చిమ ప్రకాశానికి బాగా తెలుసు. 1800లో నిజాం ఈ సీమను ఈస్టిండియా కంపెనీకి దత్తం చేశాడు. కంభం, మార్కాపురం తాలూకాలు కడప జిల్లాలో ఉండేవి. 1858లో వాటిని కర్నూలులో కలిపారు. 1970లో మార్కాపురం, గిద్దలూరు ప్రాంతాలను కర్నూలు నుంచి విడదీసి కొత్త ఒంగోలు జిల్లాలో చేర్చారు. 1972లో దానికి ప్రకాశం పేరొచ్చింది. 2022లో ఆ జిల్లా హద్దులు మళ్లీ మారాయి. ఇన్నిసార్లు గీత జరిగినా, నువ్వు కడప మనిషివా, కర్నూలు మనిషివా, రుజువు చూపించు అని ఎవరూ ఎవర్నీ నిలదీయలేదు. 1947 గీత ఒక్కటే మాకు మచ్చ ఎందుకయింది?

దీనికో జవాబు తయారుగా ఉంటుంది. 1946 ఎన్నికల్లో మద్రాసు రాష్ట్రపు ముస్లిం స్థానాలు ముస్లిం లీగ్ గెలుచుకోలేదా అంటారు. గెలుచుకుంది, నిజమే. కానీ ఆ ఓటు ఎవరిది? ఆస్తో, చదువో ఉన్న కొద్దిమందిది. రాళ్లు కొట్టుకునే సాయిబుని, దూదేకుకునే నూర్‌బాషాని, కౌలుకి దున్నుకునే తురకాయన్ని దేశం రెండు కావాలా అని ఎవరడిగారు? వయోజన ఓటు వాళ్ల చేతికొచ్చింది 1951-52 ఎన్నికల్లో. అప్పటికే గీత గీయడం అయిపోయింది. నవాబులూ జమీందార్లూ వకీళ్లూ వేసిన ఓటుకి ఓటే లేనివాళ్ల మనవళ్లు సంజాయిషీ చెప్పుకోవాలా?

హద్దుకి ఇంకో అర్థం కూడా ఉంది. మన ఊళ్లలో ఏ పొలం దస్తావేజు అయినా తీసి చూడండి. చెక్కుబంది ఉంటుంది. తూర్పున ఫలానా రెడ్డి పొలం, పడమర ఫలానా సాయిబు పొలం, ఉత్తరాన డొంక, దక్షిణాన వాగు. నీ భూమి నీదని తేలాలంటే పొరుగువాడి పేరు రాయాల్సిందే. అక్కడ హద్దు పొరుగువాడికి సాక్ష్యం, అతను నీకు సాక్షి. 'హద్దు' అన్న మాట కూడా అరబ్బీలో పుట్టి పారశీ, ఉర్దూల మీదుగా తెలుగు రైతు నోట్లోకి వచ్చిందే. ఆ మాటను ఎవరూ పరాయిదని వెనక్కి పంపలేదు.

సెక్యులర్ మిత్రులకి ఒక మాట. గోడలన్నీ పడగొట్టేద్దాం, అందరం ఒకటేనందాం అని మీరు ప్రేమగానే అంటారు. మాకు అదీ ఇబ్బందే. పీర్ల పండక్కి గుండం చుట్టూ అన్ని కులాలూ చేరతాయి. అంతమాత్రాన నమాజూ అర్చనా ఒకటైపోలేదు, కానక్కర్లేదు. ఇంట్లో ఉర్దూ, అంగట్లో తెలుగు మాట్లాడే మాకు రెండూ సొంతమే. ఒకటి వదిలేస్తేనే మీవాళ్లమంటే, అదీ ఇంకోరకం పరీక్షే. గోడ ఉండనివ్వండి. ఉమ్మడి గోడ అయితే రెండిళ్ల దూలాలూ దానిమీదే ఆనతాయి. ఒకరు కూలిస్తే ఇద్దరి కప్పూ కూలుతుంది.

'పుట్టుమచ్చ'ను చదివి జాలిపడితే ఆ కవితకు న్యాయం జరగదు. అది మా దస్తావేజు. అందులో మా చెక్కుబంది మేం రాసుకున్నాం. మీ దస్తావేజులో పొరుగువాడి పేరు దగ్గర ఏం రాశారో ఒకసారి తీసి చూసుకోండి.