ఫిబ్రవరి నాటి జాడ

2020 మే నెలాఖరు. హైదరాబాద్ హబ్సిగూడలో సీసీఎంబీ పరిశోధన సంస్థ గేటు దాటి లోపలికొచ్చారు మీరు. ల్యాబ్ చల్లగానే ఉంది, పీపీఈ సూటు లోపల మాత్రం చెమట వీపు మీద కారిపోతోంది. కళ్లద్దాలకు ఆవిరి పడుతోంది. ఎదురుగా బల్ల మీద మూత బిగించిన చిన్న గొట్టాలు. ఒక్కోదానిలో ఎవరిదో ముక్కులోంచి, గొంతులోంచి తీసిన స్వాబు. పైన పేరు లేదు, నంబరే.

ముందు కరోనా వైరస్‌ను చంపుతారు. అందులోని ఆర్‌ఎన్‌ఏను వేరుచేసి, డీఎన్‌ఏగా మార్చి, ముక్కలు ముక్కలుగా ప్రతులు తీస్తారు. ఏ ముక్కలు ఎవరివో తెలిసేలా గుర్తులు తగిలించి, అన్నీ కలిపి సీక్వెన్సర్‌కు ఇస్తారు. యంత్రం చదివేదాకా ఆగాల్సిందే.

ఇప్పుడు తెర చూడండి. వైరస్ జన్యుక్రమంలో 29,903 అక్షరాలు. పైవరసలో జనవరిలో చైనా విడుదల చేసిన ఊహాన్ వైరస్ క్రమం, కిందివరసలో మన నమూనా. చాలా దూరం అచ్చుగుద్దినట్టే సాగుతుంది. 6312వ చోట మాత్రం సీ ఉండాల్సింది పోయి ఏ ఉంది. 13730లో సీ పోయి టీ వచ్చింది. 23929లో, 28311లో కూడా అంతే. ఇంకో నమూనా తెరవండి. మళ్లీ ఆ నాలుగే. వేరే రాష్ట్రం వాళ్లు చదివింది తెరిస్తే, అందులోనూ అవే నాలుగు!

మీది చీరాల దగ్గరి చేనేత ఊరు వేటపాలెం అయితే ఎవరూ విడమరచి చెప్పక్కర్లేదు. మగ్గం మీది జకార్డు అట్టలో ఒక్క కన్నం తప్పుపడితే ఆ అట్టతో నేసిన ప్రతి చీరలోనూ అదే పువ్వుకు అదే రేకు విరుగుతుంది. ఒకటి చీరాలలో, ఒకటి సికింద్రాబాద్‌లో కనబడినా రెండూ ఒక్క అట్టవేనని నేతన్న ఇట్టే పట్టేస్తాడు.

సీసీఎంబీ, ఢిల్లీలోని జన్యు పరిశోధన సంస్థ ఐజీఐబీ శాస్త్రవేత్తలు కొత్తగా చదివిన 64 కలుపుకుని దేశంలోని 361 జన్యుక్రమాలను పక్కపక్కన పెట్టారు. 41 శాతం ఆ నాలుగు మార్పులున్న గుంపులోవే. ప్రపంచం మొత్తమ్మీద చూస్తే 3.5 శాతమే. దానికి ఏ3ఐ అని పేరు పెట్టారు. రాష్ట్రాల మధ్య దూరం ఎంతున్నా వైరస్‌ల మధ్య తేడాలు కొంచెమే. మార్పుల వేగాన్ని బట్టి వెనక్కి లెక్కకడితే వీటన్నిటి మూలం ఫిబ్రవరిలో తేలింది. అక్కణ్ణుంచి ఒకచోట రాజుకుని దేశమంతా పాకి ఉండాలి.

ఫిబ్రవరి! తెలంగాణలో తొలి కేసు బయటపడింది మార్చి 2న, నెల్లూరులో మార్చి 12న. మాఘమాసపు పెళ్లిళ్లలో మనం భుజాలు రాసుకుని బంతిభోజనాలు చేస్తున్న రోజులవి.

ఇలా తేడాలను బట్టి గీసే వంశవృక్షం ఏ వైరస్ దేనికి చుట్టమో చెబుతుంది. ఎవరు ఎవరికి అంటించారో చెప్పదు. జబ్బుచేసిన ఇంటిని వెలివేసినట్టు చూసిన ఆ నెలల్లో ఈ సంగతి ఊరూరా చాటింపు వేయించాల్సింది.

మే ముగిసేనాటికి దేశంలో కేసులు 1,80,000 దాటాయి. చదివినవి 361, అంటే దాదాపు ఐదువందల మందిలో ఒక్కరిదే. చదవని ఊళ్ల కొమ్మలు చెట్టులో లేనే లేవు. తర్వాతి నెలల్లో ఏ3ఐ తగ్గి ఏ2ఏ అనే ఇంకో గుంపు దాని చోటు ఆక్రమించింది. ఆ డిసెంబరులో కేంద్రం పది ల్యాబ్‌లతో వైరస్ జన్యుక్రమాలు చదివే కూటమి ఇన్సాకాగ్ మొదలుపెట్టింది, సీసీఎంబీ వాటిలో ఒకటి. మరోసారి ఇలాంటి జ్వరాలు వస్తే, మొదలైన వారంలోనే చీరాల, బాపట్ల, రేపల్లె ఆసుపత్రుల స్వాబులు కూడా ఆ బల్ల మీదికి చేరాలి.